ప్రశ్నల కాగితం ఇంట్లో పెట్టి పో బిడ్డా

దేవరకొండ

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల కాగితాన్ని కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను. ఎండాకాలం సెలవుల్లో నల్లగొండ, పాలమూరు ఊళ్ళు తిరుగుతానని, గొప్పవాళ్ళతో మాట్లాడి సంస్కృతి గురించీ బతుకు గురించీ తెలుసుకుంటానని రాశావు. సంతోషం. కానీ ఆ ఇరవై రెండు ప్రశ్నల్లో ఇరవై పనికిరావు. "మీ జీవితం మాకిచ్చే సందేశం ఏమిటి?" అని అడిగితే ఎదుటి మనిషి ఏం చెప్తాడు? టీవీలో విన్నదే తిప్పి చెప్తాడు. కష్టపడాలె, నిజాయితీగా ఉండాలె, పెద్దలను గౌరవించాలె అంటాడు. ఆ మూడు మాటల కోసం ఎండలో బస్సెక్కి పోవడం దేనికి?

నా సంగతి నీకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేశాను. మొదట అచ్చంపేట వైపు, తరువాత ఇక్కడే. చదువు రాని ఇళ్ళలో ఉత్తరం చదివిపెట్టడం, జవాబు రాసిపెట్టడం నా డ్యూటీలో లేదు, అయినా తప్పలేదు. అట్లా ఎందరితోనో మాట్లాడాను. బోలెడన్ని తప్పులు చేశాను. వాటిలో నీకు పనికొచ్చేవి రాస్తున్నాను.

ఒకసారి పోచంపల్లిలో దోస్తు బంధువుల ఇంటికి పోయాను. వరండాలో ఒక పెద్దమ్మ ఆసు పోస్తున్నది. నువ్వు చూసి ఉండవు. ఒక పక్క ఒక్కటే మేకు ఉంటుంది, ఎదుటి పక్క విసనకర్ర అంచులా వంపు తిరిగిన మేకుల వరుస ఉంటుంది. నూలు పోగు పట్టుకుని అటు ఇటు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలట. నేను గొప్పగా "అమ్మా, ఈ కళ నీకేం నేర్పింది?" అని అడిగాను. ఆమె నా మొహం చూసి "ఏం నేర్పుతది నాయినా, రెక్కల నొప్పి నేర్పింది" అని నవ్వి, పనిలో పడింది. మాట అక్కడే తెగింది.

కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆమె నడుమ నడుమ చెయ్యి మార్చడం కనిపించింది. "ఎడమ చెయ్యితోని గూడ వస్తదా అమ్మా?" అన్నాను. ఇక చూడు! కుడి భుజం ఎప్పుడు పట్టేసిందో, ఎడమ చెయ్యి అలవాటు కావడానికి ఎన్ని నెలలు పట్టిందో, పెద్ద బిడ్డను ఈ పనిలో పెట్టి చిన్న బిడ్డను మిషన్ కుట్టడానికి ఎందుకు పంపిందో, దానికి పెద్ద బిడ్డ ఇప్పటికీ ఎట్లా అలుగుతుందో గంటన్నర చెప్పింది. చిటికి కట్టడానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు ఎట్లా కోస్తారో కూడా చూపించింది. రంగులో ముంచినప్పుడు ఆ రబ్బరు కట్టిన చోట రంగు అంటదు, విప్పితే అక్కడే పువ్వు పూస్తుంది.

ఆ రెక్కల నొప్పిని తక్కువగా చూడకు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్ళ అమ్మ పడే నొప్పి చూడలేకే ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి అవస్థ పడి 1999లో పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కూడా నాలాగే "ఈ కళ నీకేం నేర్పిందమ్మా" అని అడుగుతూ కూర్చుంటే యంత్రం వచ్చి ఉండేదా?

అందుకని బిడ్డా, ఎదుటి మనిషి చేతిలో ఏముందో ముందు అది చూడు. గొంగడి నేసే ఇంటికి పోతే చింతగింజల గంజి ఎందుకు పెడతారని అడుగు. గద్వాల మగ్గం దగ్గర కూర్చుంటే నూలు చీరకు పట్టు అంచు ఎట్లా అతుకుతుందో చూపించమను. ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోలేక నువ్వు తెల్లమొహం వేస్తే వాళ్ళకు నీ మీద ప్రేమ పుడుతుంది. తెలియనట్టు నటించకు, పట్టేస్తారు. నీకు నిజంగానే తెలియనివి చాలా ఉన్నాయి.

పోయే వేళ కూడా చూసుకో. గీత కార్మికుడిని పొద్దున్నే పట్టుకుంటే మోకు, ముస్తాదు భుజాన వేసుకుని హడావుడిలో ఉంటాడు. మధ్యాహ్నం పో. నాట్ల రోజుల్లో ఎవరి దగ్గరికీ పోకు, పోతే నువ్వూ పొలంలో దిగాలి. దిగితే మంచిదే అనుకో. గొర్రెలు కాసేవాళ్ళు ఒకచోట నిలబడి మాట్లాడరు, వాళ్ళ వెంట నడవాలి. మన్ననూరు అడవిలో ఒక ముసలి చెంచు ఆయన వెంట రెండు గంటలు నడిచాను. ఆయన నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. మొదట్లో నాకు టెన్షన్ పట్టుకుంది, ఏం తప్పు చేశానో అని. తరువాత తెలిసింది, ఆయన ఇంట్లో కూడా అంతే మాట్లాడతాడని.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నేను ఉత్తరాల దగ్గర నేర్చుకున్నాను.

మన వైపు నుంచి, పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట, అంటే కూలీలను జట్టుగా పనికి తీసుకుపోయేవాళ్ళ వెంట, జనం దేశమంతా పోయేవాళ్ళు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ ఉంటే అక్కడికి. పోయే ముందే ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళు, అది తీరేదాకా మనిషి కదలడానికి లేదు. మనియార్డర్ వస్తే ఫారం కింద చిన్న ముక్కలో రెండు మాటలు ఉండేవి. వాటిని చదివి, జవాబు రాసిపెట్టేవాణ్ణి. ఒక ఇంట్లో మొగుడు బొంబాయి వైపు పనిలో ఉన్నాడు. అత్త మంచం పట్టింది, మనిషి లేవడం లేదు. కోడలు గడపలో కూర్చుని "అత్త మంచిగున్నది, పిల్లలు మంచిగున్నరు, నేను మంచిగున్న అని రాయి సారూ" అన్నది. నేను పెన్ను ఆపి లోపలికి చూశాను. ఆమె గొంతు తగ్గించి "ముసల్ది పడ్డదని తెలిస్తె పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు. అడ్వాన్స్ ఎవలు కడ్తరు?" అన్నది. ఆమె చెప్పినట్టే రాశాను. ముసలామె బతికింది. ఆయన దసరాకు వచ్చాడు. ఆ ఉత్తరం సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదనుకుంటా.

నువ్వు ఎవరి ఇంటికైనా పోయి "ఎట్లున్నరు?" అంటే "మంచిగున్నం" అంటారు. దాన్ని నోట్‌బుక్‌లో నిజమని రాసుకోకు, అబద్ధమని కూడా రాసుకోకు. ఎందుకు అట్లా అన్నారో నీకు అప్పుడే తెలియదు. గుచ్చి గుచ్చి అడగకు. లేచి వచ్చేయ్. పది రోజుల తరువాత మళ్ళీ పో. నీ కాగితంలో ఒక్కో ఊరికి ఒక్కో రోజు రాసుకున్నావు, పదిహేను ఊళ్ళు. నా మాట విని నాలుగు ఊళ్ళు చెయ్యి, ఒక్కోదానికి మూడుసార్లు పో. మొదటిసారి నిన్ను చుట్టంలా చూస్తారు, కుర్చీ తెస్తారు, మంచి మాటలే చెప్తారు. మూడోసారి పోతే "వచ్చినవా, ఇగ ఈ చిక్కుడుకాయలు ఈనెలు తియ్యి" అంటారు. అట్లా కాయలు ముందర పోసుకుని కూర్చున్నప్పుడు విన్నది ఒక్క ముక్క కూడా నేను మరిచిపోలేదు.

నాకు సిగ్గుగా ఉన్న సంగతి ఒకటి రాస్తాను. మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడల్లోకి పోతే, మా నాయన ఎట్లా పిలిచేవాడో నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దాయనను కూడా ఏరా అనేవాణ్ణి, అది తప్పన్న ఆలోచన కూడా లేదు. ఒకరోజు చెప్పులు కుట్టే ఒకాయన మనియార్డర్ మీద వేలిముద్ర వేసి, డబ్బులు లెక్కపెట్టుకుని, మెల్లగా అన్నాడు. "నన్నెట్ల పిలిచినా నాకు అలవాటే సారూ. నా మనుమడు పక్కన ఉన్నప్పుడు మాత్రం జర చూసి పిలువు." ఆ పిల్లవాడు పక్కనే పలక పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ వీధి దాటేదాకా సైకిల్ ఎక్కలేకపోయాను.

నువ్వు ఈ కాలం పిల్లవు, ఏరా అనవు, తెలుసు. కానీ నీ నోట్లో మాట మారినంత మాత్రాన వాళ్ళ జ్ఞాపకం మారదు. కుర్చీ వేస్తే వాళ్ళు నేల మీద కూర్చున్నారేమో చూసుకో. నీళ్ళిస్తే తాగు. ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగకు. వాళ్ళే ఎత్తితే మాట మార్చకు. కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం నాడు జనం ఇసుక వేస్తే రాలరు, స్వామి పాదుకలు తాకడానికి తోసుకుంటారు. ఆ ఉద్దాలు తయారయ్యేది వడ్డెమాన్‌లో, చర్మకారుల చేతుల్లో. నువ్వు జాతర ఫొటోలు తీస్తానన్నావు. దానికన్నా ముందు వడ్డెమాన్ పోయి కూర్చో. తోలు ఎట్లా ఎంచుతారని అడిగి మొదలుపెట్టు. మిగతాది చెప్పాలో వద్దో వాళ్ళే చూసుకుంటారు.

పెద్దవాళ్ళను "ఏ సంవత్సరం?" అని అడగకు, తికమక పడతారు. వాళ్ళ క్యాలెండర్ వేరు. రజాకార్ల కాలం అంటారు, పోలీస్ యాక్షన్ అంటారు. అది 1948 సెప్టెంబర్. మన దేవరకొండ వైపైతే సాగర్ కట్టిన కాలం అంటారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేశాడు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. "సాగర్ల తట్ట మోసినవా అవ్వా? అప్పటికి పెండ్లయిందా?" అని అడుగు, వయసు దానంతట అదే తేలుతుంది. అలంపురం వైపు పోతే 2009 అక్టోబర్ వరదను గుర్తు చెయ్యి. సాయుధ పోరాటం రోజుల గురించి ఒకే ఊళ్ళో ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు. ఎవరిది నిజమని నువ్వు తీర్పు చెప్పకు, రెండూ రాసుకో. ఆడవాళ్ళనైతే తుపాకుల గురించి కాకుండా దళాలకు సద్ది ఎవరు మోసేవాళ్ళని అడిగి చూడు.

నీ లిస్టులో పద్మశ్రీలు ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అవుసలికుంట దర్శనం మొగిలయ్యకు 2022లో వచ్చింది, దామరగిద్ద బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో. అట్లాంటి పెద్దలను మనలాంటివాళ్ళు వందసార్లు అడిగిందే అడిగి ఉంటారు. దొరికితే వాద్యం గురించి అడుగు. వెదురు ఎప్పుడు కోస్తారు, సొరకాయ బుర్ర ఎన్నాళ్ళు ఎండాలి, మెట్లు అంటించే మైనం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ఉన్నవాళ్ళను కొట్టి పేదలకు పంచిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడమని అడిగేటట్టయితే ముందు జేబు చూసుకో. ఇంటింటికీ తిరిగి పాడి బతికిన కుటుంబాలకు పాట అంటే కూలి. ఊరికే విని, ఫోన్లో రికార్డు చేసుకుని, దండం పెట్టి వచ్చేవాళ్ళంటే నాకు గిట్టదు. డబ్బులిస్తే అవమానం అనుకుంటారేమో అని నువ్వు ఫోన్‌లో అన్నావు. పాట విని ఇయ్యకపోవడమే అవమానం.

ఫోన్ మొదటిరోజు బయటికి తీయకు. తీసిన రోజు అడిగి తీయి, వద్దంటే అప్పుడే సంచిలో పెట్టు. ఫొటో తీస్తే కడిగించి కాగితం మీద తెచ్చియ్యి. ఇంటి గోడకు పెట్టుకుంటారు. రాసుకున్నది వాళ్ళకు చదివి వినిపించు. నేను ఉత్తరం రాసి చదివితే ప్రతిసారీ ఎక్కడో ఒకచోట "అట్ల కాదు సారూ" అనేవాళ్ళు.

ఇక ఖర్చులకు రెండు వేలు మీ నాన్నతో పంపుతున్నాను. మొదటి మజిలీ మాత్రం నేను చెప్తాను, కాదనకు. ఇక్కడికి రా. మీ నానమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె ఉంది కదా, దాని మెడ మీద చెక్కిన పేరు ఎప్పుడైనా చదివావా? ఆ పేరు ఆమెది కాదు, వాళ్ళ అమ్మది కాదు, మాకు తెలిసిన చుట్టాల్లో ఎవరిదీ కాదు. ఊరందరి ఉత్తరాలు చదివినవాణ్ణి, నలభై తొమ్మిదేళ్ళుగా ఆ బిందెలో నీళ్ళు తాగుతూ ఒక్కనాడూ అడగలేదు. మొన్న నీ కాగితం చదివాక అడిగాను. "ఇన్నేండ్లకు యాదికొచ్చిందా?" అని లేచి వంటింట్లోకి పోయింది. నాకు చెప్పేటట్టు లేదు. ఆమె ఆదివారం మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తుంది. ఆ వేళకు వచ్చి పక్కన కూర్చో. నేను అరుగు మీదే ఉంటాను, లోపలికి రాను.

మీ తాత