మేస్త్రీ జవాబులు: కాన్‌రాడ్ బేరింగ్ వెడల్పు తగ్గించొచ్చా?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది బొబ్బిలి. పాత 1.3 లీటర్ల పెట్రోల్ జిప్సీ ఇంజిన్ విప్పించాను. కొత్త పిస్టన్లు, వేరే క్యామ్ వేయించి 7000 ఆర్‌పీఎం దాకా తిరిగేలా కట్టిస్తున్నాను. అమెరికా రేసు ఇంజిన్లలో వెడల్పు తక్కువున్న కాన్‌రాడ్ బేరింగులు (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్డు కింది కొసలో ఉండేవి) వాడతారట, రాపిడి తగ్గి పవర్ పెరుగుతుందట. నా షెల్లులు (ఆ బేరింగులోని రెండు సగం రేకులు) కూడా రెండు పక్కలా కాస్త తీయించేద్దామా అనుకుంటున్నాను. మా మెకానిక్ మాత్రం ఎంత వెడల్పుంటే అంత మంచిదంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మెకానిక్ మాటే వినండి బాబూ. కాకపోతే ఆయన మాటలో ఒక మెలిక ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు లోడు సంగతి. 6000 నుంచి 7000కి వెళ్తే వేగం పెరిగేది ఆరో వంతే. కానీ పైకి దూసుకెళ్లిన పిస్టన్‌ని ఆపి కిందికి లాగడానికి రాడ్డు పడే పాట్లు 36 శాతం పెరుగుతాయి. మీ ఇంజిన్ స్ట్రోక్ 75.5 మి.మీ. పిస్టన్, దాని పిన్ను, రింగులు, రాడ్డు పై కొస అన్నీ కలిపి అరకిలో అనుకుంటే, 7000 దగ్గర ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర సుమారు 1,300 కిలోల లాగుడు. అదంతా పడేది రాడ్డు కింది మూతలో, అంటే క్యాప్‌లో ఉన్న షెల్లు మీద. పేలుడు దెబ్బ తినేది రాడ్డులో ఉన్న పై షెల్లు. అందుకే బాగా తిప్పిన ఇంజిన్ విప్పితే నా చెయ్యి ముందు క్యాప్ షెల్లు మీదికే పోతుంది.

ఈ బరువు మోసేది లోహం కాదు, ఆయిల్ పొర. పొరలో ప్రెషర్ షెల్లు నడుమ ఎక్కువ. అంచుల దగ్గర ఆయిల్ బయటికి జారిపోతుంది కాబట్టి అక్కడ ప్రెషర్ నిలవదు. అంచుల్ని దగ్గరికి తెస్తే నడుమ ఉన్నదీ పడిపోతుంది. కాబట్టి వెడల్పులో పదో వంతు తీస్తే మోసే సత్తా కూడా పదో వంతే తగ్గుతుందనుకోకండి. పొట్టి బేరింగ్ (వ్యాసం కన్నా వెడల్పు బాగా తక్కువది) లెక్కలో అది వెడల్పు ఘనాన్ని బట్టి పోతుంది. మిగతావన్నీ అలాగే ఉంచితే నాలుగో వంతు పైనే పోయినట్టు. దానికి బదులు మిగిలే పవర్ ఎంతంటారా? ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మీ కాలికి కూడా తెలీదు.

మరి అమెరికా వాళ్ళు? వాళ్ళవి వీ8లు, అంటే V ఆకారంలో రెండు వరసల ఎనిమిది సిలిండర్లు. క్రాంక్‌లో రాడ్డు తగిలించే గుండ్రటి భాగాన్ని పిన్ను అంటాం. ఒకే పిన్ను మీద రెండు రాడ్లు పక్కపక్కన ఇరుక్కోవాలి. పైగా వాళ్ళకి పెద్ద లాభం వచ్చింది పిన్ను వ్యాసం తగ్గించడంలో. షెవర్లే స్మాల్ బ్లాక్‌లో 2.1 అంగుళాల పిన్ను ఉండేచోట హోండా సైజని 1.888 అంగుళాలది పెట్టి, పిన్ను ఉపరితలం వేగాన్ని పది శాతం తగ్గించుకున్నారు. అది దాదాపు 48 మి.మీ. మీ జిప్సీ పిన్ను పుట్టుకతోనే 42! పైగా వాళ్ళు ఇంజిన్ని మాటిమాటికీ విప్పి షెల్లులు మార్చేస్తారు. మనం విప్పేది మోత మొదలయ్యాక.

ఇక ఆ మెలిక. పిన్నూ వెబ్బూ (పిన్నుని పట్టుకునే క్రాంక్ పక్క పలక) కలిసే మూలలో రేడియస్, అంటే గుండ్రటి వంపు, ఉంటుంది. అది పెద్దదైతే క్రాంక్‌కి బలం, పదునైన మూలలోనే పగులు పుడుతుంది. కానీ గ్రైండింగ్‌లో రేడియస్ పెరిగిందంటే పూర్తి వెడల్పు షెల్లు అంచు దాని మీదికి ఎక్కేస్తుంది. ఇక్కడ దాసన్నపేటలో నా షెడ్డులో అలాంటి షెల్లు ఒకటి ఉంచాను, కుర్రాళ్ళకి చూపించడానికి. నడుమంతా కొత్తదానిలా బూడిద రంగే. ఒక్క అంచు వెంబడి మాత్రం సన్నగా రాగి తేలి, గోరుకి గరుగ్గా తగులుతుంది.

అందుకని క్రాంక్ రాగానే పిన్ను మూలల్లో ఇంజనీర్స్ బ్లూ (తగిలిన చోట అంటుకునే నీలి రంగు) పల్చగా రాయండి. షెల్లుతో సహా రాడ్డుని పిన్ను మీద పెట్టి అటు చివరికీ ఇటు చివరికీ జరపండి. అంచుకి రంగు అంటితే చాంఫర్ (ఏటవాలుగా తీసిన అంచు) ఉన్న షెల్లులు కావాలి. వీ8 కోసం చేసినవాటికి చాంఫర్ ఒక పక్కే ఉంటుంది. మీది వరస ఇంజిన్, ప్రతి పిన్నుకీ రెండు పక్కలా వెబ్బే, కాబట్టి రెండు అంచులకీ ఉండాలి. దొరక్కపోతే మెషిన్ షాపులో పెట్టించుకోండి, ఆ మూల తప్పించుకునేంత మాత్రమే. ఆకురాయి పట్టుకుని మీరే కూర్చోకండి.

మిగిలిన ఓపిక పిన్నుకీ షెల్లుకీ మధ్య గ్యాపు మీద పెట్టండి. అంగుళం వ్యాసానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) అనేది రేసు మేస్త్రీల పాత లెక్క. మీ పిన్నుకి 0.042 మి.మీ. అవుతుంది. కంపెనీ మాన్యువల్ లిమిట్‌తో సరిచూసుకోండి. ప్లాస్టీగేజ్ (నలిగి గ్యాపు ఎంతో చూపే సన్నటి ప్లాస్టిక్ పోగు) పెట్టి క్యాప్ టార్క్‌కి బిగించాక క్రాంక్ తిప్పొద్దు. గ్యాపు రెట్టింపైతే పక్కల నుంచి కారే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు వెడల్పు ఎంతున్నా ఒకటే.

ప్రశ్న: మాది టెక్కలి. డీజిల్ జీపుకి తెచ్చిన షెల్లుల వెనక 0.25 అని ఉంది. అది వెడల్పు తేడానా?

జవాబు: కాదు. వెడల్పు మారదు, మందమే మారుతుంది. పిన్ను వ్యాసం 0.25 మి.మీ. గ్రైండ్ చేయించినప్పుడు వేసేవి అవి. ఒక్కో షెల్లు 0.125 మందం ఎక్కువుంటుంది. స్టాండర్డ్ పిన్నుకి వేసి బిగిస్తే క్రాంక్ పట్టేస్తుంది. గ్రైండింగ్‌కి ఇచ్చేముందు ఆ క్రాంక్ నైట్రైడింగ్ (పైపొరని గట్టిపరిచే పని) చేసినదేమో కనుక్కోండి. ఆ గట్టి పొర చాలా పల్చన, రాయి పడితే పోతుంది, మళ్ళీ చేయించుకోవాలి.