నాన్న కర్మలు మూడు రోజుల్లో ముగించాం, అమ్మ గదిలోంచి బయటికి రావడం లేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాన్న రిటైరయ్యాక అమ్మానాన్నలు మా దగ్గరికే వచ్చేశారు. ఐదు నెలల కిందట నాన్న గుండెపోటుతో పోయారు. అమెరికా నుంచి అన్నయ్య వచ్చాడు గానీ సెలవు లేదు. విల్సన్ గార్డెన్‌లో దహనం చేసి, మూడో రోజు శ్రీరంగపట్నంలో అస్థికలు కలిపి, మిగతా కర్మలన్నీ అక్కడే ఒకేసారి జరిపించేశాం. మా మేనత్త అక్కడే అమ్మ గాజులు, మెట్టెలు తీయించింది. వద్దని గొడవపడ్డాను, ఎవరూ వినలేదు. అప్పటి నుంచి అమ్మ బొట్టు పెట్టుకోదు. రోజూ పెట్టుకోమంటాను, "నన్ను నా మానాన వదిలెయ్" అంటుంది. పక్క ఫ్లాట్ వాళ్లు వరలక్ష్మీ వ్రతానికి పిలిచినా వెళ్లలేదు. పాప స్కూలుకు బయలుదేరే టైముకు బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. మొన్న వచ్చినప్పుడు మా అత్తగారు "పొద్దున్నే ఆవిడ ఎదురు రాకుండా చూసుకో" అన్నారు. అన్నయ్యేమో అమ్మను అమెరికా పంపించెయ్ అంటున్నాడు. అమ్మను మళ్లీ మామూలు మనిషిని చేయడం ఎలా?

జవాబు: బొట్టు గురించి వివరంగా రాశారు, బాత్రూం సంగతి మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. పాప బ్యాగు తగిలించుకునే వేళకు ఆవిడ లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటున్నారంటే, అది స్నానం కోసం కాదు. బడికి వెళ్లే పిల్లకు తాను ఎదురు పడకూడదని. మీ అత్తగారి మాట ఆవిడ చెవిన పడే ఉంటుంది. పడకపోయినా, అలాంటి మాట ఊళ్లో చిన్నప్పటి నుంచి విన్నదే. భర్త ఉన్నన్నాళ్లూ ఆ మాట ఇంకెవరి గురించో అయింది, ఇప్పుడు తన గురించే అయింది. మనవరాలికి ఏమైనా అవుతుందేమోనన్న భయంతో తనను తాను దాచుకుంటున్నారు. దయచేసి దీన్ని మొండితనం అనుకోకండి.

గాజులు తీయించేటప్పుడు మీరు అడ్డుపడటం న్యాయమే. భర్త పోయి మూడు రోజులు కాని మనిషిని నలుగురిలో కూర్చోబెట్టి అలా చేయడం క్రూరమని నా అభిప్రాయం. కానీ ఇవాళ మీరు రోజూ బొట్టు పెట్టుకోమనడంలోనూ ఆవిడ ఇష్టానికి చోటు లేదు. మీ మేనత్త తీసేయమంది, మీరు పెట్టుకోమంటున్నారు. ఆ మాట ఇవాళ్టితో ఆపేయండి. ఆవిడ ఇక ఎప్పటికీ పెట్టుకోకపోయినా ఫర్వాలేదు.

అసలు పోయిందేమిటో చూడండి. మన వైపు మనిషి పోతే దినాలు అయ్యేదాకా ఇల్లు జనంతో నిండి ఉంటుంది. వంట చుట్టాలో పక్కింటివాళ్లో పంపిస్తారు. వచ్చిన ప్రతి మనిషికీ ఆవిడ మొదటి నుంచి చెప్పుకోవాలి. రాత్రి ఏం తిన్నారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆఖరుకు ఏమన్నారు. వినేవాళ్లకు అదే కథ, చెప్పేవాళ్లకు మాత్రం ప్రతిసారీ కాస్త బరువు తగ్గుతుంది. పదో రోజు పుట్టింటివాళ్లు చీర పెడతారు. తర్వాత దగ్గరివాళ్లు తమ ఇంటికి నిద్రకు తీసుకెళ్తారు. ఆపైన నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. కులాన్ని బట్టి, ఊరిని బట్టి తేడాలున్నా, పోయినవాళ్ల పేరుతో ఉన్నవాళ్ల దగ్గరికి మనుషులు మళ్లీ మళ్లీ రావాలన్న ఏర్పాటు అందరిలోనూ ఉంది.

మీ అమ్మగారికి ఇందులో దక్కింది కావేరి ఒడ్డున ఒక పూట. అదీ అందరూ కార్లెక్కే తొందరలో. ఆదుకునే ఆచారాలన్నీ సెలవు చాలక కొట్టేశారు, గాయపరిచేది మాత్రం ఉంచారు. దానికి ఐదు నిమిషాలు చాలు కదా. మీ ఒక్కరినీ అనడం లేదు. ఈ ఊళ్లో నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఇదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అన్నయ్యకు సెలవు లేకపోవడం నిజమే. అయితే కుదించడానికి కూర్చున్నప్పుడు ఏది తీసేయాలో, ఏది ఉంచాలో ఎవరూ ఆలోచించరు.

ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. నాన్నగారు పోయిన తిథి వచ్చే నెల ఏ రోజో పంచాంగంలో చూడండి. మాసికాలు కూడా అప్పుడే కలిపేశాం అంటారేమో. ఆ తిథి నాడు నలుగురికి భోజనం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మను ప్రొద్దుటూరు తీసుకెళ్లి వారం రోజులు ఉండండి. మీ పిన్నికీ మేనమామకీ ముందే ఫోన్ చేసి, చీర పెట్టకపోయి ఉంటే ఇప్పుడు పెట్టమనండి. ఎవరైనా పరామర్శకు వస్తే "మళ్లీ ఆ విషయాలెందుకులే" అని అడ్డుపడకండి, చెప్పుకోనివ్వండి. మీరూ అక్కడే కూర్చోండి. ఇంత ఉత్తరంలో నాన్నగారి గురించి మీరు రాసింది ఒక్క ముక్కే. అమ్మను సరిచేసే పనిలో పడి మీరూ ఏడవలేదేమో అనిపిస్తోంది.

అత్తగారి విషయం మీరు పెట్టుకోవద్దు, మీవారు మాట్లాడాలి. కొడుకు చెబితే ఇంటి మాట అవుతుంది, కోడలు చెబితే గొడవ అవుతుంది. "అమ్మా, ఈ ఇంట్లో ఎదురు రావడాలు లేవు. నువ్వే ఆవిడను పిలిచి పక్కన కూర్చోబెట్టుకో" అంటే చాలు. ఆచారం అంటూ వాదనకు దిగితే హెర్వాడ్ సంగతి చెప్పమనండి. మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో అదొక గ్రామం. భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరిపేయడం, మంగళసూత్రం తీసేయడం ఇక మా ఊళ్లో ఉండకూడదని 2022 మేలో గ్రామసభ తీర్మానం చేసింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అలా చేయమని సర్క్యులర్ ఇచ్చింది. ఊరంతా కలిసి తీర్మానించారు కాబట్టి అక్కడ ఏ ఒక్క ఆడమనిషీ తెగించి ఎదురు నిలబడక్కర్లేదు. మీ ఇంట్లో ఆ తెగింపు అమ్మ ఒక్కర్తే చూపించాలని మీరు కోరుకుంటున్నారు. ముందు ఇంట్లోవాళ్లు మారాలి. పాపతోనే మొదలుపెట్టండి. పొద్దున్నే బాక్సు అమ్మమ్మ చేతి నుంచే తీసుకుని, "వెళ్లొస్తా" అని చెప్పి బయలుదేరడం అలవాటు చేయండి. మొదట్లో ఆవిడ తప్పించుకుంటారు. బలవంతం చేయకండి, పాపను మాత్రం రోజూ అడగనివ్వండి.

ఇది జబ్బా అన్న టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం, తీవ్రమైన దుఃఖం కనీసం ఆరు నెలలు దాటి, ఆ సమాజంలో మామూలనుకునే హద్దును కూడా మించి, రోజువారీ బతుకును దెబ్బతీస్తుంటేనే దాన్ని రుగ్మతగా చూస్తారు. కాబట్టి ఇప్పుడే ఆ పేరు పెట్టకండి. కానీ తిండి, నిద్ర బాగా తగ్గిపోయినా, వేసుకునే మాత్రలు మానేసినా, "నేనూ పోతే బాగుండు" అన్నా నెలలు లెక్కపెట్టకండి. వెంటనే మీ ఊళ్లోనే ఉన్న మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమెరికా ప్రయాణం మాత్రం ఇప్పుడే వద్దు. భాష తెలిసిన మనుషులున్న చోటే గది దాటి రాలేకపోతున్నవారు అక్కడ, పగలంతా ఎవరూ లేని ఇంట్లో ఏం చేస్తారు? టికెట్ తనకే కొనుక్కోమని అన్నయ్యకు చెప్పండి. సంవత్సరీకానికి ఇంకా ఏడు నెలలుంది. రెండు వారాల సెలవుకు ఇప్పుడే అడిగిపెట్టమనండి, ఈసారి కర్మ ప్రొద్దుటూరులో పెట్టుకోండి.