సూరత్‌లో సరుకు సరే, సాపాటు సంగతేంటి?

ప్రశ్న: బట్టల షాపు నడుపుతున్నాను. చీరలు కొనడానికి రెండు నెలలకోసారి సూరత్ వెళ్తుంటాను. స్టేషన్ దగ్గర లాడ్జిలో మూడు రోజుల మకాం. ఆటోవాళ్లు దింపిన హోటల్లో పప్పు తియ్యగా ఉంటుంది, కూరలన్నీ ఒకే ఎర్ర గ్రేవీ. గూగుల్‌లో 4.8 ఉందని వెతుక్కుంటూ వెళ్లినా అదే తంతు. కొత్త ఊళ్లో మంచి భోజనం ఎలా పట్టుకోవాలి?
- ఒక వ్యాపారి, కరీంనగర్

జవాబు: ముందు అడిగే మాట మార్చండి. ‘ఇక్కడ మంచి హోటల్ ఏది?’ అంటే ఎవరైనా ఏసీ ఉన్న, రెండొందల ఐటమ్‌ల మెనూ ఉన్న హోటల్ పేరే చెబుతారు. బయటి ఊరివాళ్లకు అదే నచ్చుతుందని వాళ్ల లెక్క. రింగ్ రోడ్డు మార్కెట్లో మీరు సరుకు తీసే కొట్లో గుమస్తాని, చీరలు మడతపెట్టే కుర్రాణ్ని ‘మధ్యాహ్నం మీరెక్కడ తింటారు?’ అని అడగండి. మీ హిందీ ఎంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు, ఈ ప్రశ్న అర్థమవుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకే పేరు చెప్పారంటే ఇక ఆలోచించక్కర్లేదు.

తర్వాత, ఏ పేటలో ఎవరుంటారో చూసుకోండి. రింగ్ రోడ్డు బట్టల వ్యాపారుల్లో మార్వాడీలు చాలామంది. అందుకే అక్కడి భోజనాలయాల్లో దాల్-బాటీ (పప్పు, కాల్చిన గోధుమ ఉండలు), గట్టే కూర (శనగపిండి ముద్దల కూర) నమ్మకంగా తినొచ్చు. వరాఛా వైపు వజ్రాల పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సౌరాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కాఠియావాడీ వంట మన నాలుకకు బాగా దగ్గర. సజ్జ రొట్టె, నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసే ‘ఓళో’, సేవ్ (సన్న కారప్పూస)-టమాటా కూర, వెల్లుల్లి కారం, పక్కన మజ్జిగ. పప్పు తీపి బెడద వదలాలంటే అటు వెళ్లడమే మార్గం. గుజరాతీ థాలీ హోటల్లో కూర్చుని ‘బెల్లం వెయ్యొద్దు’ అంటే లాభం లేదు, ఆ పప్పు వండినప్పుడే బెల్లం పడిపోయింది. మన వంటే కావాలనిపిస్తే లింబాయత్ వైపు వాకబు చేయండి. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. సూరత్‌లో దోసె తిని తిట్టుకోవడం మాత్రం మన తప్పే.

గూగుల్ చుక్కల విషయానికొస్తే, 60 మంది ఇచ్చిన 4.8 కన్నా 6,000 మంది ఇచ్చిన 4.2 మేలు. రివ్యూలను ‘కొత్తవి ముందు’ వరసలో పెట్టి ఇరవై చదవండి. ‘ఫలానా వెయిటర్ బాగా చూసుకున్నాడు’ అని పేర్లతో సహా ఐదు చుక్కలు వరసగా కనబడితే, బిల్లుతో పాటు ఫోన్ కూడా చేతికిచ్చి రాయించుకున్నవని అనుమానించండి. ఒకే వంటకం పేరు నలుగురైదుగురు వేర్వేరుగా ఎత్తారంటే అది అసలు సాక్ష్యం. అక్కడికెళ్లి ఆ వంటకమే తినండి, పనీర్ బటర్ మసాలా కాదు. హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు వదిలేసి, గత మూణ్నెల్లలో తినేవాళ్లు తీసినవి చూస్తే మెనూ ధరలు కూడా తెలుస్తాయి.

ఇక వేళ. సూరత్ పొద్దుట తినే ఊరు. లోచో, ఖమణ్ (ఆవిరి మీద ఉడికించే శనగ టిఫిన్) కోసం మార్కెట్ తెరవక ముందే వెళ్లాలి. నానబెట్టిన శనగపప్పు రుబ్బి, పులియబెట్టి, పల్చగా ఆవిరి మీద ఉడికిస్తే లోచో. ముక్కలుగా కోయడానికి రాదు, గరిటెతో గీకి తీస్తారు. గుజరాతీలో ఆ మాటకు అర్థం కూడా ‘గందరగోళం’ అనే. పైన నూనె గానీ వెన్న గానీ, మసాలా, సేవ్, ఉల్లిపాయ ముక్కలు. చల్లారితే ముద్ద బిగుసుకుని గొంతు పట్టేస్తుంది కాబట్టి, మూత తీయగానే ఆవిరి లేచే కొట్లోనే తినండి, పార్సెల్ కట్టించుకోవద్దు. మొదటిసారి వంద గ్రాములు చాలు. డిసెంబర్-ఫిబ్రవరి మధ్య వెళ్తే పోంక్, అంటే లేత జొన్న గింజలు, వదలకండి. ఉంధియు (దుంపలు, కూరగాయలు కలిపి వండే కూర) కూడా చలికాలం వంటే. మే నెలలో మెనూలో కనబడితే అడక్కపోవడమే మంచిది.

అన్‌లిమిటెడ్ థాలీలో కొత్తవాళ్లు చేసే పొరపాటు, మొదట వడ్డించే ఫర్సాణ్ (కారపు చిరుతిళ్లు), స్వీటుతోనే కడుపు నింపుకోవడం. రోట్లీ, కూరలతో మొదలుపెట్టి చివర్న ఖిచిడీ-కఢీకి చోటుంచుకోండి. కూర్చునే ముందే అన్‌లిమిటెడా, ఫిక్స్‌డా అని అడగండి. రెంటికీ ధరలో తేడా ఉంటుంది.

ప్రశ్న: సూరత్‌లో మాకు సరుకు ఇప్పించే ఏజెంట్‌గారు జైనులు. ఈసారి ఆయన్ని నేనే భోజనానికి పిలవాలనుకుంటున్నాను. జాగ్రత్తలేంటి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రాత్రికి పిలవకండి. నిష్ఠగా ఉండే జైనులు సూర్యాస్తమయం తర్వాత తినరు. మధ్యాహ్నం పన్నెండున్నరకు పిలిస్తే అందరికీ సుఖం. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్, భూమిలో పెరిగే దుంపలేవీ వద్దు. గొప్ప కదా అని ఉంధియు చెప్పారో, అందులో సగం దుంపలే. హోటల్‌ను ఫోన్లోనే ‘జైన్ వంట విడిగా చేస్తారా?’ అని అడగండి. ‘ఉల్లి తీసేసి ఇస్తాం’ అన్నారంటే ఆ హోటల్ వద్దు, గ్రేవీ ముందే కలిపి ఉంటుంది. పర్యూషణ్ రోజుల్లో (జైనుల పండుగ, ఆగస్టు-సెప్టెంబర్) చాలామంది ఉపవాసాల్లో ఉంటారు, పిలుపు వాయిదా వేయండి.

బిల్లు దగ్గర పెనుగులాట తప్పదు. చెయ్యి కడుక్కునే వంకన లేచి కౌంటర్లో ముందే కట్టేయండి. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం. దానిపైన సర్వీస్ ఛార్జి వేస్తే తీసేయమనొచ్చు, అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. ఫిర్యాదుకు 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. కానీ అతిథి ఎదుట ఆ వాదన పెట్టుకోకండి. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కనక ఆ ఏర్పాటు ఆలోచన ఎలాగూ లేదు.

ప్రశ్న: రైలు ఆలస్యమై రాత్రి పదకొండున్నరకు సూరత్‌లో దిగితే తినడానికి ఏముంటుంది?
- ఒక మెడికల్ రిప్రజెంటేటివ్, ఖమ్మం

జవాబు: గుడ్డు తింటారా? అయితే దిగులు లేదు, సూరత్ రాత్రిపూట గుడ్ల బళ్ల ఊరు. ‘ఘోటాలా’ అడగండి. ఉడికించిన గుడ్లు తురిమి, పెనం మీద వెన్న, మసాలాలో వేయించి, పైన హాఫ్ ఫ్రై కొట్టి కలిపేస్తారు, పావ్‌తో ఇస్తారు. కారం ఎంతో ముందే చెప్పాలి. పెనం మీదికి వెళ్లాక తగ్గించడం కుదరదు. నీళ్లు మాత్రం సీల్ ఉన్న సీసావే తాగండి, ముందే తరిగిపెట్టిన ఉల్లిపాయలు పక్కకు నెట్టండి. గుడ్డు తిననివాళ్లు రైల్లోనే రొట్టెలు కట్టించుకోవడం మేలు.