డాక్టర్ సాక్ష్యంతో అయిపోయే కథ కాదిది

తమ్ముడూ,

నీ కథ చదివాను. తల్లి పాత్ర బాగా పట్టుకున్నావు. కానీ చివర్లో, కొడుకు తన భార్యను చంపిన కేసులో, డాక్టర్ బోనెక్కి "ఇతనికి స్కిజోఫ్రీనియా ఉంది" అనగానే జడ్జి కేసు కొట్టేయడం, కొడుకు సాయంత్రానికల్లా ఇంటికొచ్చి అన్నం తినడం మాత్రం సినిమా వ్యవహారం.

జబ్బు ఉన్నంత మాత్రాన కోర్టు వదిలెయ్యదు. నిన్నమొన్నటిదాకా ఐపీసీ (పాత శిక్షాస్మృతి) సెక్షన్ 84, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 22, నంబర్ మారినా అడిగేది ఒకటే: సరిగ్గా ఆ పని చేసే సమయానికి, మతిస్థిమితం లేక, తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉన్నాడా, పోనీ అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలియని స్థితిలో ఉన్నాడా? ఏళ్ల తరబడి మందులు మింగుతున్నవాడికి కూడా యావజ్జీవం పడొచ్చు. అందుకే లాయర్లు ఆ పూట ముందూ వెనకా జరిగినవన్నీ తవ్వుతారు. కత్తి దాచాడా, రక్తం బట్టలు ఉతికాడా, పారిపోయాడా, లేక శవం పక్కనే కూర్చుని బీడీ కాల్చాడా, వారం ముందు నుంచి నిద్రపోయాడా, పక్కింటావిడతో ఏం మాట్లాడాడు... నీ కథంతా ఇక్కడుంటే నువ్వు ఒక్క పేరాలో దాటేశావేంటయ్యా! ఆ పక్కింటావిణ్ణి బోనెక్కించు, ఎదుటి లాయరు క్రాస్ ప్రశ్నలకు తడబడనివ్వు.

దహ్యాభాయి కేసు తీర్పు సంపాదించి చదువు. 1964, సుప్రీంకోర్టు, రాసింది మన రాజమండ్రి కోకా సుబ్బారావుగారు. భార్యను చంపిన మనిషి అప్పీలు. మతి లేదని చూపించే బాధ్యత ముద్దాయిదే, కానీ ప్రాసిక్యూషన్ అంత గట్టిగా రుజువు చెయ్యక్కర్లేదు, సివిల్ దావాలో లాగా అలా ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. అదీ కుదరకపోయినా, ఆ సాక్ష్యం వల్ల అసలు నేరబుద్ధి ఉందా అని జడ్జికి అనుమానం వస్తే ఆ అనుమానం ముద్దాయికే లాభం. ఇంత చెప్పి కూడా అతని అప్పీలు కొట్టేశారు! సూత్రం గెలిచింది, మనిషి ఓడిపోయాడు.

ఇక ముగింపు. మతిస్థిమితం లేదని నిర్దోషిగా వదిలినా, ఆ పని చేసింది ఇతనేనా కాదా అన్నది జడ్జి తీర్పులో రాయాల్సిందే. ఇతనే అని తేలితే నేరుగా ఇంటికి పంపరు. సేఫ్ కస్టడీ అంటారు, అంటే భద్రంగా నిర్బంధంలో ఉంచుతారు, లేదా బంధువులెవరైనా దరఖాస్తు పెట్టి, జాగ్రత్తగా చూసుకుంటాం, తనకీ ఇంకొకరికీ హాని జరగనివ్వం అని పూచీ ఇస్తే వాళ్లకు అప్పగించొచ్చు. అంటే నీ తల్లి సంతకం పెట్టాలి. చచ్చిపోయింది ఆవిడ కోడలే కదా, మనవరాలు అదే ఇంట్లో ఉంది కదా. పెడుతుందా? ఈ ప్రశ్న నీ డ్రాఫ్టులో ఎక్కడా లేదు.

ముద్దాయి విచారణను అర్థం చేసుకునే స్థితిలోనే లేకపోతే కేసు అసలు నడవదు, వాయిదా పడుతుంది. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒకాయన ఇలాగే విచారణ లేకుండా మానసిక వైద్యశాలలో, జైల్లో 54 ఏళ్లు ఉండి 2005లో బయటపడ్డాడు. ఇది ఇంకో కథ, ఇందులో ఇరికించకు.

"ఉన్మాది", "ఎర్రగడ్డ కేసు" లాంటి మాటలు పాత్రలు అంటే అననీ, కథ చెప్పే గొంతులో మాత్రం వద్దు. ఈసారి డాక్టర్ సీను కుదించి, సంతకం సీను రాసి పంపు.