తేలికైన సైకిల్ కొంటే వేగం పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 34. వారానికి ఐదు రోజులు 40 కిలోమీటర్ల చొప్పున సైకిల్ తొక్కుతాను. రోజూ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి తొక్కినా ఏడాదిగా సగటు వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటడం లేదు. దారంతా చదునే. రెండు కిలోలు తక్కువ బరువుండే కార్బన్ సైకిల్ కొనమని స్నేహితులు అంటున్నారు. దాంతో 30కి చేరతానా?

జవాబు: చేరరండీ. మోజుంటే కొనుక్కోండి, కాదనను. 30 కోసమే అయితే మాత్రం ఆ డబ్బు దాచుకోండి. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. రెండు కిలోలు తగ్గితే, నిటారుగా ఎక్కే రోడ్డు మీద కూడా కలిసొచ్చేది రెండున్నర శాతం లోపే. చదును మీద అదీ ఉండదు.

మీకు అడ్డం పడుతున్నది గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి పెట్టాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. 25 నుంచి 30 అంటే చూడటానికి ఐదే, కానీ గాలి కోసం పెట్టే పవర్ దాదాపు 73 శాతం పెరగాలి. పైగా ఆ గాలి ఎక్కువగా తగిలేది మీ ఒంటికే. 1989లో, ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున అమెరికన్ సైక్లిస్టు గ్రెగ్ లెమాండ్ మొదటి స్థానంలో ఉన్నవాడి కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఏరో బార్ల మీద, అంటే హ్యాండిల్‌కు ముందుకు పొడుచుకొచ్చేలా బిగించే కడ్డీల మీద, మోచేతులు ఆనించి, ఒళ్లు దగ్గరకు తీసుకుని తొక్కాడు. చివరికి 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. అదంతా ఆ బార్ల పుణ్యమే అనను, కానీ ఆ తర్వాత ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే రేసుల్లో అవి మామూలైపోయాయి.

ట్రాఫిక్‌లో బ్రేకులకు చెయ్యి అందదు కాబట్టి మీకు అవి వద్దు. మోచేతులు కాస్త వంచి, భుజాలు దించండి. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. టపటపా కొట్టుకునే వదులు జాకెట్ మానేయండి. సీటు ఎత్తు కూడా చూసుకోండి: సీటు మీద కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, మడమ దాని మీద పెట్టండి. మోకాలు అప్పుడే నిటారుగా రావాలి. మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు కావలసిన కొద్దిపాటి వంపు దానంతటదే వస్తుంది. నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బెంగ పుట్టించింది ‘రోజూ ఒంట్లో ఉన్న శక్తంతా’ అన్న మాట. కష్టపడి తొక్కినందుకు శరీరం బలపడేది విశ్రాంతిలో. మీరు దానికి ఆ వ్యవధి ఇవ్వడం లేదు. దాంతో కాళ్లు ఎప్పుడూ సగం అలసటతోనే ఉంటున్నాయి, నిజంగా గట్టిగా తొక్కాల్సిన రోజున ఓపిక ఉండదు. మూడు రోజులు పక్కవాళ్లతో హాయిగా మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. మొదట్లో చిన్నతనంగా అనిపిస్తుంది, ఎవరు దాటిపోయినా పట్టించుకోవద్దు. మిగతా రెండు రోజులు, వెంటవెంటనే కాకుండా, పావుగంట వార్మప్ చేసి, ఒకటి రెండు మాటలకు మించి నోట రానంత గట్టిగా 4 నిమిషాలు, తర్వాత 3 నిమిషాలు నింపాదిగా తొక్కండి. అలా నాలుగు సార్లు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను కలవండి.

రెండు నెలల తర్వాత గాలి పెద్దగా లేని రోజున, అదే దారిలో వెళ్లి వచ్చి సగటు చూసుకోండి. 27 వస్తే బాగా మెరుగుపడినట్టే. 30 కావాలంటే గ్రూపులో ఒకరి వెనక ఒకరు వంతులవారీగా తొక్కడం నేర్చుకోండి. వెనక ఉన్నవాళ్లకు గాలి భారం చాలా తగ్గుతుంది.