మిమిక్రీ కళాకారుడు స్టాండప్‌లో నిలబడగలడా? రిచర్డ్ ప్రయర్‌ను చూడండి

మిమిక్రీతో పేరు తెచ్చుకున్నవాడు స్టాండప్ కమెడియన్‌గా, ఆపై నటుడిగా నిలదొక్కుకోగలడా అని అడిగారు. నిస్సందేహంగా నిలదొక్కుకోగలడు, అయితే అరువు తెచ్చుకున్న గొంతులను ఏదో ఒకనాడు పక్కన పెట్టక తప్పదు. ఇందుకు అమెరికన్ హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్‌ను మించిన సాక్ష్యం లేదు.

1940లో ఇల్లినాయి రాష్ట్రంలోని పియోరియాలో పుట్టి, నాయనమ్మ నడిపిన వేశ్యాగృహంలో పెరిగిన ప్రయర్, 1963లో న్యూయార్క్ చేరాక అప్పటి పేరున్న హాస్యనటుడు బిల్ కాస్బీ బాణీలో ఎవరినీ నొప్పించని హాస్యం చెప్పి టీవీ అవకాశాలు సంపాదించారు. 1967లో లాస్ వేగాస్‌లో ప్రేక్షకుల ఎదుటే, తాను ఇక్కడేం చేస్తున్నానని తనను తాను ప్రశ్నించుకొని వేదిక దిగి వెళ్ళిపోయారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొంతకాలం గడిపి తిరిగి వచ్చాక ఆయన నోట పలికినవాళ్ళు తన వాడలోని తాగుబోతులు, మతబోధకులు, కబుర్లు చెప్పే ముసలివాళ్ళు.

గుంటూరు చుట్టుపక్కల సభల్లో నేనూ ఎస్వీ రంగారావు, రావు గోపాలరావు గొంతులు పలికినవాణ్ణే. ముఖ్య అతిథి వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికే మిమిక్రీవాణ్ణి పిలవడం, కారు రాగానే మాట మధ్యలోనే సైగ చేసి దించేయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఇది కళకు అవమానం.

ఒక వినాయక చవితికి బ్రాడీపేట పందిట్లో ఆ అతిథి ఎంతకీ రాలేదు. నా గొంతులన్నీ అయిపోయాక, మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసిన మా నాన్నగారిని అనుకరించాను. టిక్కీలో, అంటే మిరప బస్తాలో, చెయ్యి దూర్చి గుప్పెడు తేజ రకం కాయలు తీయడం, రంగు పోయిన తాలు కాయలు ఏరి రైతు వంక చూడటం, ధర చెప్పబోతుండగా ఘాటుకు తుమ్ము రావడం, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య రైతు ఇంకో వంద వేయమని బతిమాలడం, చివరి తుమ్ము తరువాత నాన్నగారు మళ్ళీ పాత ధరే చెప్పడం, అంతే నేను చేసింది. వెనుక నిలబడ్డ హమాలీలు ముందు నవ్వారు, ఆ తరువాతే కుర్చీల్లోనివాళ్ళు నవ్వారు. సినిమా గొంతులకు చప్పట్లు వచ్చేవి గాని అటువంటి నవ్వు ఎన్నడూ రాలేదు. కార్యక్రమం ముగిశాక ఒక హమాలీ నా దగ్గరకు వచ్చి, "తుమ్మేటప్పుడు గుమాస్తాగారు కండువా ఇట్టా అడ్డం పెట్టుకుంటారండీ" అని చేసి చూపించాడు. ఆ కండువా ఈనాటికీ నా ప్రదర్శనలో ఉంది.

విజయవాడ కేఫుల్లో ఇప్పుడు చక్కటి ప్రతిభ గల పిల్లలు స్టాండప్ చేస్తున్నారు. వన్‌టౌన్ సందుల్లో పెరిగినవాళ్ళు బెంగళూరు రూమ్మేట్ల జోకులే ఎందుకు చెప్పాలో నాకు అర్థం కాదు. ప్రయర్ తన గుండెపోటునే హాస్యంగా మలిచారు. 1979లో విడుదలైన ప్రదర్శన చిత్రంలో ఆయన గుండె వేరే మనిషిలా ఆయన్ను గద్దించి నేలకు కూలదోస్తుంది. 1980లో ఒళ్ళు కాలి చావు అంచుదాకా వెళ్ళినవారు, 1982 ప్రదర్శనలో ఆ ఘోరాన్ని కూడా చెప్పి నవ్వించారు. అమెరికన్ హాస్యానికిచ్చే మార్క్ ట్వేన్ పురస్కారాన్ని 1998లో మొట్టమొదట ఆయనకే ఇచ్చారంటే ఆశ్చర్యం లేదు.

నటన విషయానికి వస్తే, హాస్యనటుడు జీన్ వైల్డర్‌తో చేసిన చిత్రాలు ఆయనకు విస్తృతమైన ప్రజాదరణ తెచ్చాయి. అయినా 1978 నాటి ‘బ్లూ కాలర్’లో అప్పులతో సతమతమయ్యే కార్ల కర్మాగార కార్మికుడిగా చేసిన పాత్రే ఆయన నటనలో శిఖరమని నా గట్టి నమ్మకం. ఆ కార్మికుడి కోపంలో పియోరియా వీధి మనుషులే కనిపిస్తారు. ముందు 1979 ప్రదర్శన, ఆ వెంటనే ఈ చిత్రం చూడండి.