పాప కాగితాలు ముందు, జాబ్ లెటర్ తర్వాత

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఈ సంక్రాంతికి నేను రాజోలు దగ్గర మా ఊళ్లో ఉంటే, ఆ కనుమ నాడే ఇద్దరు ఆడవాళ్లు నాకోసం వచ్చి మా వీధి అరుగు మీద కూర్చున్నారు. ఒకమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివింది. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా చేస్తోంది. భర్తతో విడిపోయింది, ఏడేళ్ల పాప ఉంది. రెండో ఆవిడ నర్సాపురం రేవులో పంటు ఎక్కి ఏరు దాటి వచ్చింది. భర్త పోయి మూడేళ్లయింది. ఇద్దరు మగపిల్లల్ని లేసు అల్లి పోషిస్తోంది. ఇద్దరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఒకటే: "అక్కా, నేను బయటికెళ్తే పిల్లల సంగతేంటి?"

వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మన గోదావరి ఊళ్ల నుంచి ఇలా ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటూ పనికోసం బయటి దేశాలకు వెళ్లాలనుకునే చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగం ఎలా వస్తుందో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. బిడ్డ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

నేను నర్సుగా ఇంగ్లండ్ వచ్చింది 2017లో. బాబుకి అప్పటికి ఐదేళ్లు. ముందు నేను వెళ్లి కుదురుకుంటాను, ఆరు నెలల్లో వచ్చి తీసుకెళ్తాను అని మా అమ్మ దగ్గర వదిలాను. ఆరు నెలలు కాస్తా పద్నాలుగు నెలలైంది. జీతం సరిపోకో, ఇల్లు దొరక్కో కాదు, కాగితాల వల్ల. అక్కడ తల్లిదండ్రుల్లో ఒక్కరే ఉండి బిడ్డను తెచ్చుకోవాలంటే, రెండోవారు చనిపోయి ఉండాలి, లేదా ఆ బిడ్డ బాధ్యత పూర్తిగా మనదేనని చూపించాలి. బాధ్యత అంటే డబ్బు పంపడం ఒక్కటే కాదు. బిడ్డ ఏ స్కూల్లో చదవాలి, జ్వరమొస్తే ఏ డాక్టరుకు చూపించాలి, ఎక్కడ ఉండాలి అన్న నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారని చూస్తారు. మావాడి స్కూల్ ఫారం మీద మా తమ్ముడి సంతకం ఉంది. ఆసుపత్రి చీటీల్లో మా అమ్మ పేరు ఉంది. ఫీజు నేను పంపిన డబ్బుతోనే కట్టారు, రసీదులు మాత్రం నాన్న పేరు మీద ఉన్నాయి. మొదటిసారి వీసా రాలేదు. తప్పు నాదే, ముందు చూసుకోలేదు. ఆ పద్నాలుగు నెలల్లో వాడు మా అమ్మను అమ్మా అని పిలవడం, ఫోన్లో నాతో మాట్లాడమంటే ఇంకో గదిలోకి పారిపోవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే ఆ నర్సమ్మాయికి ముందు ఇదే చెప్పాను: బిడ్డను వెంట తీసుకెళ్లనిచ్చే వీసా మాత్రమే చూసుకో, ఇద్దరికీ కలిపి ఒకేసారి అప్లై చెయ్యి, ఆ కాగితాలు ఇవాళే మొదలుపెట్టు.

కాగితాల్లో మొదటిది కోర్టుది. విడాకులు ఇంకా నడుస్తుంటే, ముఖ్యంగా ఇద్దరూ ఒప్పుకుని తీసుకుంటుంటే, ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించండి: బిడ్డ కస్టడీ తల్లిదేనని, తల్లి బిడ్డను విదేశానికి తీసుకెళ్లి అక్కడ ఉంచుకోవడానికి తండ్రికి అభ్యంతరం లేదని. సాధారణంగా మన లాయర్లు భరణం, బంగారం, సామాన్ల గురించి పేజీలు రాసి, ఈ రెండు వాక్యాలు వదిలేస్తారు. ఆ ఒప్పందం మీద సంతకాలు కాకముందే అడిగి రాయించుకోవాలి. తర్వాత బిడ్డ తండ్రి వెంట తిరగడం నరకం. బిడ్డ పాస్‌పోర్టుకు తండ్రి సంతకం దొరక్కపోతే అనెక్షర్ సి అనే డిక్లరేషన్ ఉంది, ఒక్క పేరెంట్ సంతకంతో అప్లై చేయవచ్చు. భర్త చనిపోయినవాళ్లకు మరణ ధ్రువీకరణ పత్రం చాలావరకు పని చేస్తుంది. ఆయన పేరు స్పెల్లింగు బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో ఇందులోనూ అలాగే ఉండేలా చూసుకోండి.

బర్త్ సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది. చాలామంది పిల్లలకు ఆసుపత్రిలో పుట్టినప్పుడు రాయించినదే ఉంటుంది, పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో పేరు ఎక్కించి కొత్తది తీసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అదీ సరి చేయించండి. చిన్న విషయమే, అయినా నెలలు తినేస్తుంది.

ఇక స్కూలు. రిజిస్టర్‌లో పేరెంట్ కాలంలో మీ పేరు, మీ ఫోన్ నంబర్ రాయించండి. ఫీజు మీ అకౌంట్ నుంచి కట్టండి. పేరెంట్స్ మీటింగ్‌కి మీరే వెళ్లి సంతకం పెట్టండి. టీకా కార్డు, డాక్టరు చీటీలు దాచిపెట్టండి. తండ్రి అప్పుడప్పుడు వచ్చి చూసిపోతూ, ఖర్చు కూడా పెడుతుంటే మాత్రం ఆ విషయం దాచకండి. అబద్ధం దొరికితే పదేళ్లపాటు వీసా రాకుండా పోతుంది. అలాంటివాళ్లు తండ్రి చేత అంగీకారం రాయించుకుని, అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ లాయరుకు కేసంతా విప్పి చెప్పండి.

ఆ అమ్మాయి ఫైల్ విప్పి ఒక ఏజెంటు ఇచ్చిన కాగితం చూపించింది. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లను చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగమట, వీసాకు కావాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (ఉద్యోగమిచ్చే సంస్థ ఇచ్చే కాగితం) ఇప్పిస్తాడట, పద్నాలుగు లక్షలట. వాళ్ల నాన్న అర ఎకరం కొబ్బరితోట అమ్మకానికి పెట్టాడు. కేర్ వర్కర్లు పిల్లల్ని తెచ్చుకోవడం 2024 మార్చి 11 నుంచే ఆపేశారు. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం 2025 జూలై 22తో ఆగిపోయింది. అంటే ఆ ఏజెంటు అమ్ముతున్నది ఇప్పుడు లేని దారి. అసలు స్పాన్సర్‌షిప్ కాగితాన్ని డబ్బుకు అమ్మడమే తప్పు. ఏ కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు ఉందో బ్రిటన్ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో పట్టీ ఉంటుంది, పేరు కొట్టి చూడండి. పట్టీలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం నిజమని కాదు, లేకపోతే మాత్రం అబద్ధమే.

బీఎస్సీ నర్సింగ్ చదివి, చేతిలో ఆరేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి కేర్ వర్కర్‌గా ఎందుకు వెళ్లాలి? నర్సుగానే వెళ్లాలి. నర్సులు వెళ్లే హెల్త్ అండ్ కేర్ వీసాలో బిడ్డను తెచ్చుకోవచ్చు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు అందరూ కట్టే హెల్త్ సర్‌ఛార్జి తల్లికీ బిడ్డకీ ఉండదు. ముందు ఇంగ్లిష్ పరీక్ష, రెండింట్లో ఏదైనా ఒకటి. వైద్యరంగం వాళ్లకోసం పెట్టిన ఓఈటీ అయితే వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లో బి, రాయడంలో సి ప్లస్. అందరూ రాసే ఐఈఎల్‌టీఎస్ అయితే ఆ మూడింట్లో 7, రాయడంలో 6.5. నా రోజుల్లో రాయడంలోనూ 7 అడిగేవాళ్లు, నాకు రెండుసార్లు 6.5 వచ్చి ఆగిపోయాను. నర్సులకు ఓఈటీయే మంచిదని నా అభిప్రాయం, అందులో రాయాల్సింది మనం రోజూ రాసే రిఫరల్ లెటర్ లాంటిదే. తర్వాత సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, 83 పౌండ్లు, ఇండియాలోనే రాయవచ్చు. చివరిది ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, ఇంగ్లండ్ వెళ్లాక చేసి చూపించాలి, 794 పౌండ్లు. మొదటిసారి ఫీజు చాలా ఆసుపత్రులే కడతాయి, ఆఫర్ లెటర్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. 2021, 2022లో ఆసుపత్రులు మన నర్సుల్ని విమానాల నిండా తీసుకెళ్లిన జోరు ఇప్పుడు లేదు. ఇంటర్వ్యూలు తగ్గాయి. ఏడాదో ఏడాదిన్నరో పడుతుందని లెక్కేసుకోండి, అప్పటిదాకా ఉన్న ఉద్యోగం మానకండి. ఐదేళ్లకు పర్మనెంట్, అంటే అక్కడే ఉండిపోయే హక్కు వస్తుందని పాతవాళ్లు చెబుతారు. నాకు అలాగే వచ్చింది కూడా. కానీ ఆ గడువు పెంచాలని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించింది. ఐదేళ్ల లెక్క నమ్ముకుని నూటికి రెండు వడ్డీకి అప్పు తేవద్దు.

వీసాకు అకౌంట్‌లో చూపించాల్సింది మీకు 1,270 పౌండ్లు, మొదటి బిడ్డకు 315. ఇరవై ఎనిమిది రోజులపాటు కదలకుండా ఉండాలి. ఆ భారం తమదేనని ఆసుపత్రి రాసిస్తే ఈ గొడవ ఉండదు, అడగడానికి మొహమాటపడకండి.

వెళ్లాక అసలు కష్టం షిఫ్టులది. లాంగ్ డే అంటే పొద్దున్న ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా. స్కూలు మూడు, మూడున్నరకే వదిలేస్తారు. పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, సాయంత్రం ఆఫ్టర్ స్కూల్ క్లబ్ ఉంటాయి, అవీ ఆరింటికి మూసేస్తారు. స్కూలు చదువు ఉచితమే, ఈ క్లబ్బులకు డబ్బు కట్టాలి. చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయం మన వీసా మీద తీసుకోకూడదు. కొత్త నర్సు జీతం ఏడాదికి 31 వేల పౌండ్ల పైనే, చేతికొచ్చేది నెలకు రెండు వేల పైచిలుకు. అందులో అద్దెకే సగం పోతుంది. అందుకే లండన్ మోజు వద్దు, చిన్న ఊళ్లో ఆసుపత్రి చూసుకోండి. ఇంటర్వ్యూలోనే చెప్పండి, నేను ఒంటరి తల్లిని, ఔట్‌పేషెంట్ క్లినిక్ లాంటి పగటి డ్యూటీ ఉంటే ఇస్తారా అని. 2024 ఏప్రిల్ నుంచి చేరిన మొదటి రోజే ఫ్లెక్సిబుల్ వర్కింగ్, అంటే మనకు వీలైన పనివేళలు అడిగే హక్కు ఉంది. ఇవ్వాలని లేదు, కానీ కాదంటే కారణం చెప్పాలి. నాకు రెండోసారి అడిగాక ఇచ్చారు.

పక్కింట్లో మన తెలుగు ఆంటీ దగ్గర డబ్బిచ్చి వదిలేద్దాం అనుకుంటారు అందరూ. ఎనిమిదేళ్లలోపు బిడ్డను రోజుకు రెండు గంటలు మించి డబ్బు తీసుకుని తన ఇంట్లో చూసుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో రిజిస్టర్ చేసుకుని ఉండాలి. రిజిస్టర్డ్ చైల్డ్‌మైండర్‌నే వెతకండి. అమ్మను విజిట్ వీసా మీద పిలిపించుకోవచ్చు, ఒక్కో రాకకు ఆరు నెలలు మించకూడదు. మొదటి చలికాలం అమ్మ పక్కనుంటే కొండంత బలం. కానీ పిల్లను చూసుకునే ఏర్పాటంతా ఆమె మీద పెట్టుకోవద్దు.

లేసు అల్లే ఆవిడకు చెప్పాల్సింది వేరు. ఆమె వదిన కువైట్‌లో ఉంది, ఇంటిపనికి రమ్మంటోంది. ఆ పనికి ఇచ్చే వీసా మీద పిల్లల్ని తీసుకెళ్లే వీలే లేదు. ఆమె పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది, అంటే పనికి గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్లేముందు మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ఆడవాళ్లకు ముప్ఫై ఏళ్లు నిండాలి. అదీ 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే. విజిట్ వీసా మీద ఎక్కించి అక్కడ మార్పిస్తాం అనేవాణ్ణి గుమ్మంలోకి రానివ్వకండి. కువైట్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు వారానికి ఒకరోజు సెలవు ఉండాలి, యజమాని పాస్‌పోర్టు తీసి దాచుకోకూడదు. చట్టం ఉంది కానీ నాలుగు గోడల మధ్య అది నిలబడుతుందో లేదో ఆ ఇంటిని బట్టి ఉంటుంది.

"మరి వెళ్లనా, వద్దా?" అంది ఆవిడ. నా మనసులో ఉన్నదే చెప్పాను. పెద్దాడికి పదమూడు, చిన్నాడికి తొమ్మిది. తండ్రి పోయిన పిల్లలకు తల్లి కూడా కనిపించకుండా పోతే ఆ వయసు తట్టుకోదు. ముందు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టమన్నాను. పాసైతే ఈసీఆర్ ముద్ర తొలగుతుంది, ఇంటిపని కాకుండా ఇంకో పని వెతుక్కునే దారి ఉంటుంది. అప్పటికి పెద్దాడు కాస్త ఎదుగుతాడు. ఆవిడ ఏమీ అనలేదు. చీకటి పడకముందే పంటు అందుకోవాలని లేచి వెళ్లిపోయింది.

నర్సమ్మాయి మాత్రం మర్నాడు వాళ్ల నాన్న చేత తోట బేరం ఆపించింది. సోమవారం స్కూలుకు వెళ్లి రిజిస్టర్‌లో మేనమామ నంబర్ కొట్టించి తన నంబర్ రాయించానని ఫొటో తీసి పంపింది. ఆ ఫొటో కూడా ఫైల్లో పెట్టుకోమన్నాను.